కెకోవా: పడవ దిగితేనే కనిపించే ఊరు

టర్కీ దక్షిణ తీరంలో కాష్, దెమ్రె రేవుల దగ్గర టూరిస్టు పడవలన్నీ అమ్మేది ఒకే సరుకు: ‘మునిగిన నగరం’. జనం టికెట్టు కొని అద్దాల అడుగున్న పడవెక్కుతారు. కాష్ నుంచైతే రెండు గంటలకు అటూ ఇటూ సముద్రం మీద ఊగి, కెకోవా ద్వీపం అంచున కాసేపు నెమ్మదిగా పోయి, అడుగు అద్దంలో నాచునీ నల్లటి ముళ్ళ బంతుల్లాంటి సీ అర్చిన్‌లనీ చూసి వెనక్కొస్తారు. ఆ రాత్రే ‘ఏముందక్కడ, నాలుగు గోడలు’ అని రివ్యూ రాస్తారు. వాళ్ళని తప్పుపట్టలేం. బోర్డు మీద రాసిందొకటి, అక్కడున్నది ఇంకొకటి.

అక్కడున్నది మాత్రం తక్కువేం కాదు. కాకపోతే అందులో ముప్పాతిక వంతు ఒడ్డునే ఉంది. కెకోవా చూడాలంటే ఉచాయిజ్ అనే చేపలూళ్ళో రెండు రాత్రులుండి, చాలావరకు నడిచి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. పడవ కావాలి, గంటన్నర చాలు.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం, ఎందుకంటే సగం మంది ఎక్కడికి వెళ్తున్నారో తెలియకుండానే టికెట్టు కొంటారు. కెకోవా అంటే తీరానికి సమాంతరంగా పడుకున్న ఓ సన్నటి ద్వీపం. సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లు, మనుషులు ఉండరు. ఒకప్పుడు ఎండాకాలం కట్టెలు కొట్టుకునేవాళ్ళు వచ్చి ఉండేవారు. ఈ బోడి ద్వీపం కోసం ఇటలీ, టర్కీ తగువులాడుకుంటే 1932 ఒప్పందంలో టర్కీకి దక్కింది. ద్వీపానికి ఎదురుగా ప్రధాన భూమి మీద రెండు ఊళ్ళున్నాయి. పడమటిది ఉచాయిజ్. ఉచ్ అంటే మూడు, ఆయిజ్ అంటే నోరు. లోపలి నీళ్ళలోంచి బయటి సముద్రంలోకి మూడు దారులు ఉన్నాయని ఆ పేరు. రాతలో మధ్యన ‘గ’ లాంటి అక్షరం కనిపిస్తుంది, దాన్ని పలకరు. ‘ఉచగిజ్’ అని అడిగినా బస్సువాళ్ళకి అర్థమవుతుంది లెండి. తూర్పున ఉన్నది కలెకొయ్, అంటే కోట ఊరు. దాని ప్రాచీన నామం సిమెనా. ఉచాయిజ్ పాత పేరు తెయ్‌మియుస్సా. కారు ఉచాయిజ్ దాకానే వెళ్తుంది. కలెకొయ్‌కి కారు దారి లేదు. పడవలో పది నిమిషాలు, కాలిబాటన ముప్పావు గంట నుంచి గంట.

ఇప్పుడు ఆ మునక సంగతి. పడవల మీద చెప్పే కథ ఇలా ఉంటుంది: క్రీ.శ. 2వ శతాబ్దంలో ఒక పెద్ద భూకంపం వచ్చింది, నగరం అమాంతం నీళ్ళలోకి జారిపోయింది. భూకంపం నిజమే. 141 ప్రాంతంలో లిక్యా (ఈ తీరప్రాంతానికి ప్రాచీనకాలపు పేరు) దేశమంతా కుదిపేసిన భూకంపం అది. రోడియాపొలిస్ ఊరి ధనవంతుడు ఒప్రమొయాస్ ఆ తర్వాత ఏ ఊరికి ఎంత సొమ్ము ఇచ్చాడో అతని సమాధి గోడల మీద చెక్కిన చిట్టా ఉంది. లిక్యాలో దొరికిన శాసనాల్లో అంత పొడుగుది మరొకటి లేదు. కానీ ఒక్క దెబ్బకే ఊరంతా మునిగిందన్న మాట నిలవదు. కెకోవా ద్వీపం మీద, తెర్సానె అనే చిన్న కయ్య (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున, బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్య కాలపు చర్చి శిథిలం ఉంది. ఊరు ఎప్పుడో మునిగిపోతే శతాబ్దాల తర్వాత అక్కడ చర్చి ఎవరు కట్టుకుంటారు? పక్కనున్న అపెర్లాయ్‌లో నీళ్ళ కింద ఉన్న కట్టడాల్లో రోమన్ యుగం చివరివి కూడా ఉన్నాయి. కట్టినవాటికంటే ముందే మునగడం కుదరదు కదా. ఈ తీరం కింద ఆఫ్రికా భూఫలకం అనటోలియా (టర్కీ ప్రధాన భూభాగం) కిందికి దూరుతూ ఉంటుంది. ఆ ఒత్తిడికి నేల దఫదఫాలుగా కుంగుతూ వచ్చింది. కుంగింది కూడా కొన్ని మీటర్లే. జనం వదిలి వెళ్ళడానికి అరబ్బుల దాడులూ ఒక కారణం.

ఆ కొన్ని మీటర్లలోనే పడవ టికెట్టు నిరాశకి కారణం దాగి ఉంది. మునిగిన భాగం ద్వీపపు ఉత్తరపు ఒడ్డుని అంటిపెట్టుకుని, లోతు లేని నీళ్ళలో ఉంది. పెద్ద పడవకి అంత దగ్గరికి పోవడం కుదరదు. పోగలిగిన చోట అడుగున శిథిలాలుండవు. అందుకే అద్దంలో నాచు కనిపిస్తుంది. చూడాల్సింది కిందికి కాదు, పక్కకి. కొండరాతిలో తొలిచిన మెట్లు పైనుంచి దిగుతూ దిగుతూ నీళ్ళలోకి పోయి, నీలంలో మరో నాలుగైదు మెట్లు కనిపించి మాయమవుతాయి. ఇంటి వెనక గోడ రాయి, పక్క గోడలు కట్టుడు. దూలాలు దూర్చిన చదరపు కన్నాలు వరసగా ఉంటాయి. వాటిని బట్టి అంతస్తులు లెక్కపెట్టవచ్చు.

కాబట్టి అద్దాల పడవ వదిలేయండి. ఉచాయిజ్ రేవులో చిన్న చెక్క పడవ మాట్లాడుకోండి. బేరంలో మూడు విషయాలు ముందే తేల్చుకోవాలి: ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆపుతాడు, చెప్పిన ధర మనిషికా పడవకా. చివరిదే గొడవలకు మూలం. ‘కిషి బషి మి, తెక్నె మి?’ అని అడిగితే మనిషికా పడవకా అన్నమాట. జవాబుని ఫోన్‌లో అంకెగా కొట్టించుకోండి. ఉదయం పది లోపు బయల్దేరడం మంచిది. మధ్యాహ్నానికి గాలి లేచి నీటి పైభాగం ముడతలు పడుతుంది, అప్పుడిక లోపల ఏమీ కనిపించదు. పోలరైజ్‌డ్ కళ్ళద్దాలు ఉంటే నీటి మీద మెరుపు పోయి, అద్దాల పడవ చేయలేని పని అవి చేస్తాయి. పడవలో ద్వీపం వైపు అంచున కూర్చోండి. పడమర నుంచి తూర్పుకి పోయేటప్పుడు అది కుడివైపు. కయాక్ నడపడం వచ్చినవాళ్ళకి అంతకంటే మేలైనది లేదు, కాకపోతే వెనక్కి వచ్చేటప్పుడు ఎదురుగాలి పడుతుందని లెక్కలో ఉంచుకోవాలి.

మునిగిన భాగం దగ్గర ఈత, డైవింగ్ నిషేధం. 1990 జనవరిలో ఈ ప్రాంతాన్ని ప్రత్యేక పర్యావరణ రక్షిత మండలంగా ప్రకటించినప్పుడు మొదట మొత్తం నీళ్ళకీ నిషేధం పెట్టారు. తర్వాత మిగతాచోట్ల ఎత్తేసి ఇక్కడ మాత్రం ఉంచారు. ‘ఒక్క నిమిషం దూకుతా’ అని పడవవాణ్ణి బతిమాలకండి, పోయేది అతని లైసెన్సు. ఈతకి వేరే కయ్యల్లో ఆపుతారు. అక్కడ కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకోండి. ఇందాకటి ముళ్ళ బంతుల మీద కాలు పడితే ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది.

ఇక నేల మీదికి.

ఉచాయిజ్ తూర్పు చివర, ఇళ్ళు అయిపోయిన చోట తెయ్‌మియుస్సా శ్మశానం మొదలవుతుంది. కంచె, కాపలా పెద్దగా లేవు. రాతి సమాధులు గుంపులుగా, కొన్ని నీటి అంచున, కొన్ని ముళ్ళపొదల్లో, కొన్ని ఎవరి పెరట్లోనో. ఊరి శిథిలాలుగా చెప్పుకోవడానికి సమాధులు తప్ప పెద్దగా మిగల్లేదు. ఆ సమాధుల్ని చదవడం వస్తే చాలు. కింద పీఠం. దాని మీద ఒకే రాయి తొలిచిన పెట్టె. పైన మూత. మూత బోర్లించిన పడవలా, కొన మొనదేలి ఉంటుంది. చేపలూరు కాబట్టి పడవ అని గైడ్లు చెబుతారు గానీ, అది పడవ కాదు, చెక్క ఇంటి పైకప్పు. లిక్యా వాళ్ళు చెక్కతో ఇళ్ళు కట్టుకునేవారు. ఆ చెక్కపనినే రాతిలో అనుకరించి చచ్చినవాళ్ళకి ఇల్లు కట్టారు. పాత సమాధుల్లో దూలాల కొసలు పొడుచుకు రావడం, పలకలు ఒకదాంట్లో ఒకటి దిగేసిన అతుకులు, అన్నీ రాతిలోనే కనిపిస్తాయి. రాతికి ఆ అతుకులతో పనేలేదు. చేతికి అలవాటైన వడ్రంగం అలా దిగబడింది. ఆ చెక్క ఇళ్ళు ఒక్కటీ మిగల్లేదు. అవెలా ఉండేవో తెలిసేది ఈ సమాధుల వల్లే.

మూతకి పక్కల రాతి బొడిపెలుంటాయి. మూత ఎత్తడానికి తాడు తగిలించే పట్లు అవి. కొన్నిటిని సింహం తలలుగా చెక్కారు, కొన్నిటిని మొండిగానే వదిలేశారు. పెట్టె పక్కన కన్నం ఉంటే దొంగల పని. మూత ఎత్తడం కంటే పక్కన పగలగొట్టడం తేలిక. కన్నం లేని సమాధి కనిపించడం అరుదు. శాసనాలు ఎక్కువగా గ్రీకులో ఉంటాయి, రోమన్ కాలంవి. వాటిలో భక్తి, వైరాగ్యం వెతక్కండి. ఈ సమాధి ఫలానావాడిది, ఇందులో భార్యనీ పిల్లల్నీ పెట్టొచ్చు, ఇంకెవర్నైనా పెడితే ఇంత జరిమానా ఊరికి కట్టాలి అని రాసుంటుంది. పక్కా రిజిస్ట్రేషన్ దస్తావేజు. ఈ సమాధులు తీరిగ్గా చూడ్డానికి సాయంత్రం ఐదు తర్వాత రండి. పక్కనుంచి పడే వెలుతురులో అరిగిపోయిన అక్షరాలు లేచి కనిపిస్తాయి. నడి మధ్యాహ్నం అదే రాయి నున్నగా బోడిగా ఉంటుంది.

కలెకొయ్ ముందు నీళ్ళలో ఒంటరిగా నిలబడ్డ సమాధి ఫోటో మీరు చూసే ఉంటారు, టర్కీ టూరిజం పోస్టర్లన్నిటి మీదా అదే. దాన్ని ఎవరూ నీళ్ళలో పెట్టలేదు. పొడినేల మీద పెట్టారు, నేలే దిగిపోయింది. ఆ సమాధి పీఠం నీళ్ళలో ఎంత లోతున ఉందో చూస్తే ఈ తీరం ఎంత కుంగిందో కంటితోనే అంచనా వేయవచ్చు. ‘మునిగిన నగరం’ అన్న మాటకి మొత్తం కెకోవాలో ఇంత తేటైన సాక్ష్యం ఇంకొకటి లేదు. దీన్ని చూడ్డానికి పడవ కూడా అక్కర్లేదు.

కలెకొయ్‌కి నడిచే వెళ్ళండి, పొద్దున్నే. పగటి పడవలు జనాన్ని దించేది పదకొండు తర్వాత. అంతకు ముందు కోటలో మీరూ మేకలూ ఉంటారు. పైన కనిపించే పళ్ళపళ్ళ గోడలు మధ్యయుగానివి, వాటి పునాదులు పాతవి. టికెట్టు ఉంటుంది. లోపల, చాలామంది గమనించకుండా దాటిపోయేది ఒకటుంది: కొండరాతినే తొలిచి చేసిన రంగస్థలం. ఏడు వరసలు, మూడు వందల మంది పడతారు. లిక్యాలో ఇంత చిన్నది ఇంకొకటి లేదంటారు. ఆ సంఖ్యే సిమెనా ఎంత ఊరో చెబుతుంది. నిజానికి లిక్యా ఊళ్ళన్నీ కలిసి పెట్టుకున్న కూటమి, లిక్యా సమాఖ్యలో, సిమెనాకి సొంత ఓటు లేదు. అపెర్లాయ్, సిమెనా, ఇసిందా, అపొలోనియా నాలుగూ కలిస్తే ఒక్క ఓటు. కింద నీటి ఒడ్డున రోమన్ చక్రవర్తి టైటస్‌కి అంకితం చేసిన స్నానశాల గోడలున్నాయి. టైటస్ ఏలింది క్రీ.శ. 79 నుంచి 81 దాకానే కాబట్టి కాలం ఇట్టే తేలిపోతుంది. కోట దిగి తూర్పుకి వెళ్తే ముసలి ఆలివ్ చెట్ల మధ్య మరో సమాధుల గుంపు ఉంది. పడవ జనం అక్కడిదాకా రారు, వాళ్ళ టైం అయిపోతుంది.

మనవాళ్ళకి నాగార్జునకొండ గుర్తు రావడం సహజం. అక్కడా నీట మునిగిన ప్రాచీన నగరం, పడవ ప్రయాణం, రంగస్థలం ఉన్నాయి. తేడా ఏమిటంటే అక్కడ సాగర్ నీళ్ళు వస్తాయని ముందే తెలిసి, కట్టడాల్ని విప్పి కొండమీదికీ అనుపుకీ తెచ్చి తిరిగి పేర్చారు. ఇక్కడ ఏదీ కదల్లేదు. ఏ రాయి ఎక్కడ పడిందో అక్కడే ఉంది. అందుకే బోర్డులు తక్కువ, ఊహించుకోవాల్సింది ఎక్కువ.

మూడో పూట మిగిలితే అపెర్లాయ్ వెళ్ళండి. ఉచాయిజ్ నుంచి పడవలో సిజాక్ ద్వీపకల్పం మెడ దాకా పోయి, ఆ సన్నటి మెడని నడిచి దాటితే అవతలి కయ్యలో ఉంటుంది ఆ ఊరు. దాటడానికి అరగంట చాలు. పడవవాడితో తిరిగి వచ్చే టైం ఖాయం చేసుకోకపోతే అక్కడే చిక్కుకుంటారు. అపెర్లాయ్ బతికింది మ్యూరెక్స్ నత్తల మీద, రాజుల బట్టలకి వేసే ఊదారంగు కోసం. ఒడ్డున కాళ్ళ కింద నత్త గుల్లల చూర్ణం ఇప్పటికీ మందంగా పరచుకుని ఉంటుంది. నీళ్ళలో కనిపించే చదరపు తొట్లు పట్టిన నత్తల్ని బతికించి ఉంచడానికి కట్టినవి, ఎందుకంటే చచ్చిన నత్త రంగు చెడుతుంది. రంగుకి అంత ధర ఎందుకంటే, 1909లో పాల్ ఫ్రీడ్‌లెండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తల్ని పిండితే వచ్చింది 1.4 గ్రాములు. కుళ్ళిన నత్తల కంపు మాత్రం దండిగా వచ్చి ఉంటుంది. ఇలాంటి పరిశ్రమ ఊళ్ళకి దూరంగా ఇంత మారుమూల కయ్యలో ఎందుకుందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

నడక గురించి రెండు హెచ్చరికలు. ఈ దారులు 1999లో తెరిచిన లిక్యా కాలిబాటలో భాగం. ఎరుపు-తెలుపు గీతలు కనిపిస్తుంటే సరైన దారిలో ఉన్నట్టు, ఎర్ర ఇంటూ కనిపిస్తే తప్పారని. వంద అడుగులు పోయినా గీత కనిపించకపోతే చివరి గీత దాకా వెనక్కి రావాలి. ముందుకే పోతూ వెతికితే మేకల దారుల్లో పడతారు, అన్ని మేకల దారులూ ముళ్ళపొదల్లోనే ఆగుతాయి. సున్నపురాయి కత్తిలా ఉంటుంది, చెప్పులతో కుదరదు, అడుగు మందంగా ఉన్న బూట్లు కావాలి. దారిలో మంచినీళ్ళు దొరకవు. గుమ్మటం కప్పుతో ఉన్న పాత తొట్లలో నీళ్ళుంటాయి, అవి మేకలకి. మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్ళాలి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్యదాకా నడకకి నేను ఒప్పుకోను. ఏప్రిల్, మే బాగుంటాయి, అక్టోబరు ఇంకా బాగుంటుంది. సముద్రం అప్పటికీ వెచ్చగానే ఉంటుంది. శీతాకాలంలో వానలు, పాన్సియన్లు చాలావరకు మూసేస్తారు. పాన్సియన్ అంటే మన లాడ్జి కాదు. ఇంటివాళ్ళే కొన్ని గదులు అద్దెకిచ్చి పొద్దున టిఫిన్ పెట్టే చోటు.

ఉచాయిజ్‌లో బీచ్ లేదు. ఇది తెలియక బుక్ చేసుకుని తిట్టుకునేవాళ్ళు చాలామంది. ఇసుక కావాలంటే ఈ ఊరు మీకు కాదు. ఈత కొలను, పది అంతస్తుల హోటల్ కూడా లేవు, రావు కూడా. రక్షిత మండలం కావడం, పైగా కలెకొయ్ మొదటి శ్రేణి పురావస్తు స్థలం కావడం వల్ల కొత్త కట్టడం కుదరదు. మనం ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అని మురిసిపోయే ఆ ప్రశాంతత ఖర్చు ఊరివాళ్ళు భరిస్తున్నారు. కొడుక్కి పెళ్ళయితే మరో గది వేసుకోవడానికి లేదు. కప్పు కారితే బాగుచేయడానికి అనుమతి కాగితాలు తిరగాలి. కాష్ నుంచి వచ్చే టూరు పడవ అన్నం పడవలోనే పెట్టి, డబ్బు కాష్‌కి పట్టుకుపోతుంది. కలెకొయ్‌కి దక్కేది ఒక ఐస్‌క్రీం, ఒక తలగుడ్డ అమ్మకం. (ఐస్‌క్రీం ఇళ్ళలో చేసేదే, తినండి.) రెండు రాత్రులుండమని ఇంత పట్టుబట్టడానికి సమాధుల తర్వాత రెండో కారణం ఇదే.

తిండి సంగతి. చేపకి ప్లేటు ధర ఉండదు, తూకం. ముందు చేపని చూపించమనండి, తూచమనండి, మొత్తం ఎంతో అడగండి, ఆ తర్వాతే పొయ్యి మీదికి. ‘దెనిజ్ మి, చిఫ్త్‌లిక్ మి?’ అంటే సముద్రందా, పెంపకందా అని. చిపురా, లెవ్రెక్ అనే రెండు చేపలు టర్కీ అంతటా దాదాపు పెంపకంవే. అవి తినడంలో తప్పులేదు, సముద్రపు ధర ఇవ్వడంలో ఉంది. ఇక్కడి జాలర్లకి ఇప్పుడు అసలు తలనొప్పి సూయజ్ కాలవ దాటి ఎర్ర సముద్రం నుంచి వచ్చిన చేపలు. బాలోన్ బాలిక్ అనే ఉబ్బుచేప వలల్ని పళ్ళతో కొరికేస్తుంది, దాని ఒంట్లోని విషం ఉడికించినా పోదు. అందుకే అమ్మకం నిషిద్ధం, 2020 నుంచి తోకకి ఇంతని ప్రభుత్వమే ఇచ్చి పట్టిస్తోంది. దానితోపాటే వచ్చిన సింహం చేప ముళ్ళలో విషం ఉన్నా మాంసం తినదగ్గది. మెనూలో ఉంటే అడగండి, స్థానిక చేపల మీద ఒత్తిడి తగ్గుతుంది. శాకాహారులకి ‘మెజె’ పళ్ళేలు చాలు: కాల్చిన వంకాయ, గట్టి పెరుగు పచ్చడి, సముద్రపు ఒడ్డున మొలిచే ఉప్పటి కూర. పప్పు సూప్‌లో మాంసం రసం పడొచ్చు, ‘ఎత్‌సిజ్’ (మాంసం లేకుండా) అని చెప్పి నిర్ధారించుకోండి. గుడ్డు తినేవాళ్ళకి మెనెమెన్ అంటే మన టమాటా గుడ్డు పొరటే.

చేరుకోవడం. భారత పాస్‌పోర్టు మీద అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, షెంగెన్ వీసాగానీ నివాస అనుమతిగానీ చెల్లుబాటులో ఉంటే ఈ-వీసా దొరుకుతుంది. లేకపోతే స్టిక్కర్ వీసాకి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇస్తాంబుల్‌లో రెండు విమానాశ్రయాలు, ఒకటి యూరప్ వైపు, ఒకటి ఆసియా వైపు. దిగేది ఒకటి, ఈ తీరపు పెద్ద నగరం అంతాల్యాకి విమానం ఎక్కేది ఇంకొకటి అయితే మధ్యలో కనీసం ఐదారు గంటలుంచుకోండి. అంతాల్యా బస్టాండు నుంచి కాష్ బస్సులు దెమ్రె మీదుగా వెళ్తాయి. దెమ్రె నుంచి ఉచాయిజ్‌కి దోల్ముష్ అనే చిన్న బస్సులు రోజుకి కొన్నే. వాటి టైం పాన్సియన్‌వాళ్ళని అడగడమే మేలు, నెట్‌లో ఉన్నది నమ్మకండి. కారు అద్దెకి తీసుకుంటే బండ్లు కుడివైపు నడుస్తాయని, డీ400 రోడ్డు కొండ అంచున వంపులు తిరుగుతుందని గుర్తుంచుకుని చీకటి పడేలోపు చేరండి. డబ్బు దెమ్రెలోనే తీసుకోండి. ఏటీఎం ‘మీ కరెన్సీలో లెక్కించమంటారా’ అంటే వద్దనండి, ఆ లెక్కలో నష్టం మీకే. దెమ్రెలో రెండు గంటలు ఉంటే మైరా అనే ప్రాచీన నగరపు రాతి సమాధులకంటే ఆంద్రియాకె రేవు చూడమంటాను. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలపు ధాన్యాగారం గోడలు నిలిచి ఉన్నాయి, దాన్నే లిక్యా మ్యూజియం చేశారు. చుట్టూ టమాటా తోటల ప్లాస్టిక్ కప్పులు ఎంత దూరం చూసినా.

తిరుగు ప్రయాణం ముందు రోజు రాత్రి సంచులూ పిల్లల జేబులూ ఒకసారి దులపండి. అపెర్లాయ్ ఒడ్డునా, తెయ్‌మియుస్సా పొదల్లోనూ కుండపెంకులు గులకరాళ్ళలా దొర్లుతుంటాయి, పిల్లలు ఏరుకుంటారు. టర్కీ పురావస్తు రక్షణకి చేసిన 2863 నంబరు చట్టం కింద ఒక్క పెంకు దేశం దాటించబోయినా నేరమే, విమానాశ్రయంలో ఎక్స్‌రే దగ్గర ‘చిన్నది కదా’ అన్న మాట చెల్లదు. దొరికిన చోటే, దొరికినట్టే తిరిగి పెట్టేయండి.